జగజ్జెట్టి అంటాం సరే, ఆ జెట్టి ఎవరు? తిండి పెట్టిందెవరు?

బల్మూర్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చిన. వెనక కోళ్ల చప్పుడు వినపడితే ఏమనుకోకుండ్రి, రికార్డింగ్ మా ఇంటి మిద్దె మీదనే.

ఈసారి ముచ్చట ఒక రీల్‌తో మొదలైంది. మా ఊర్లో పొద్దుగాల ఐదింటికి లేస్తే అచ్చంపేట రోడ్డు మీద పిల్లలు పరుగెత్తుతుంటరు, కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం. 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. నేను కూడా ఒకప్పుడు పరుగెత్తినోన్నే. షాట్‌పుట్ కాడ గుండు నా మాట వినలే, అందుకే ఇయ్యాల కెమెరా ముందు కూసున్న. ఆ పిల్లల్లో ఒక తమ్ముడు చాయ్ తాగుకుంట ఫోన్ చూపించిండు. జపాన్ సుమో పహిల్వాన్లు. తెల్లారకముందే లేచి, మట్టి నేల మీద ఒక్కో కాలు పైకెత్తి దబ్బున దించుతున్నరు. మిగతావాళ్లంతా వాళ్ల పొట్టలు చూసి నవ్వుతుంటే ఈ తమ్ముడు మాత్రం ఒకటే అడిగిండు: "అన్నా, వీళ్లు వేరే పని చెయ్యరు కదా, మరి తిండి ఎవరు పెడతరు?"

వాడు ఎందుకు అడిగిండో నాకు తెలుసు. వాడు రోజుకు నాలుగు గుడ్లు తింటడు. ఆ నాలుగు గుడ్ల లెక్క వాళ్ల నాయిన రోజూ పొద్దున్నే చదువుతడు. కానీ ఆ ప్రశ్న పట్టుకొని నేను పుస్తకాలు తిరగేస్తే, అది నన్ను జపాన్ నుంచి తిప్పి తిప్పి మన తెలుగోళ్ల దగ్గరికే తెచ్చింది. ఆ దారిలోనే చెప్త.

ముందు సుమో సంగతి. సుమో పహిల్వాన్లు ఎవరింట్లో వాళ్లు ఉండరు. ఒక గురువు కింద, ఒకే కప్పు కింద ఉంటరు. ఆ చోటును "హెయా" అంటరు. ఆ మాటకు మామూలు అర్థం గది, అంతే. అట్లాంటి హెయాలు ఇప్పుడు నలభైకి పైగా ఉన్నయి. కుర్రోడు పదో క్లాసు ఈడులో చేరితే, ఇంక నడక, జుట్టు, బట్ట, పడక అన్నీ హెయా చెప్పినట్టే. పొద్దున ఏమీ తినకుండా సాధన. గోదాలో దిగి పట్లు, కాళ్లు ఎత్తి దించుడు, ఒక కట్టె స్తంభాన్ని అరచేతులతో బాదుడు. పదకొండు గంటలకు "చాంకో" అని ఒక పెద్ద గిన్నె కూర. మాంసం, చేపలు, ఆకుకూరలు అన్నీ అందులోనే. పెద్దోళ్లు ముందు తింటరు, చిన్నోళ్లు వడ్డించి, వాళ్లయినంక మిగిలింది తింటరు. తిన్నంక పడుకుంటరు. ఒళ్లు వచ్చేది అక్కడే.

జీతం మాత్రం అందరికీ లేదు. మొత్తం కలిపి ఆరు వందల మంది దాకా ఉంటే, పై రెండు అంతస్తుల్లో ఉన్న 70 మందికే నెల జీతం. మిగతావాళ్లకు తిండి, నీడ, పోటీలప్పుడు కొంత భత్యం. అంటే మన తమ్ముడి ప్రశ్నకు మొదటి జవాబు: హెయా పెడుతుంది. దాని బదులు హెయా ఏం తీసుకుంటుంది అన్నది తరువాత చూద్దాం.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మన భాషలో ఎవడైనా పెద్ద మొనగాడైతే ఏమంటం? జగజ్జెట్టి. సినిమా డైలాగుల్లో వింటం, పేపర్ల హెడ్డింగుల్లో చదువుతం. జగత్ అంటే లోకం. మరి జెట్టి? నేను పది మందిని అడిగిన, ఇద్దరు "ఓడలు ఆగే జెట్టి" అన్నరు. అది వేరే మాట, ఇంగ్లీషు నుంచి వచ్చింది. మన జెట్టి అంటే మల్లుడు, కుస్తీ పట్టేవాడు. సంస్కృతంలో జ్యేష్ఠుడు అనే మాట నుంచి వచ్చిందని చాలామంది పండితులు చెప్పే మాట.

ఈ "లోకానికి మల్లుడు" అనే బిరుదు మన నేలకు ఎంత పాతదో చూడండి. తొమ్మిది వందల ఏండ్ల కింద మన పాలమూరు ప్రాంతం కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. అలంపూర్ పోయినప్పుడు గుళ్లు చూసి సెల్ఫీ దిగి వస్తం కదా, ఆ చుట్టుపక్కల వాళ్ల శాసనాలు ఉన్నయి. వాళ్ల రాజుల బిరుదులు వరుసగా చదవండి: జగదేకమల్ల, త్రైలోక్యమల్ల, త్రిభువనమల్ల, భూలోకమల్ల. అన్నీ మల్లుడే. జగదేకమల్ల అన్నా జగజ్జెట్టి అన్నా ఒకటే అర్థం. ఒక రాజు తనను తాను పొగుడుకోవాలంటే పండితుడు అని కాదు, పహిల్వాన్ అని చెప్పుకున్నడు.

ఆ భూలోకమల్లుడి అసలు పేరు మూడో సోమేశ్వరుడు. ఈయన 1129 ప్రాంతంలో "మానసోల్లాసం" అనే సంస్కృత గ్రంథం రాసిండు. వంట నుంచి వేట దాకా రాజు చేసే పనులన్నీ అందులో ఉంటయి. మల్లవినోదం అని కుస్తీకి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. నాకైతే ఆ అధ్యాయం ఒక హెయా రూల్ బుక్కు లెక్క అనిపించింది. మల్లులను బలాన్ని బట్టి, శరీరాన్ని బట్టి తరగతులు చేసిండ్రు: జ్యేష్ఠకుడు, అంతర్జ్యేష్ఠకుడు, గోవలుడు. జ్యేష్ఠకుడు అందరికంటే పైన. ఏం తినాలో రాసిండు: మాంసం, పాలు, పెరుగు, పప్పులు. ఆడవాళ్లకు దూరంగా పెట్టాలని కూడా రాసిండు. సాధన ఎట్లా చెయ్యాలో పేర్లు పెట్టి మరీ చెప్పిండు. బరువులెత్తితే భారశ్రమ, నడిస్తే భ్రమణశ్రమ, ఈదితే సలిలశ్రమ. స్తంభంతో చేసేది స్తంభశ్రమ. ఇప్పుడు మల్లఖంభ్ అని మనం యూట్యూబ్‌లో చూసేదానికి ఇది పాత రూపం అంటరు. సుమోలో కట్టె స్తంభాన్ని బాదుడు చెప్పిన కదా, గుర్తుందా? రెండింటికీ చుట్టరికం ఉందని నేను అనట్లే. మనిషి ఒంటరిగా సాధన చెయ్యాలంటే ఎదురుగా కదలని మనిషి ఒకడు కావాలె, అది ఎక్కడైనా స్తంభమే అయితది.

ఆ పుస్తకంలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఇంకొకటి. ఈ తిండి అంతా రాజు ఖర్చు. మల్లుడు రాజు ఇంటి మనిషి. రాజు దగ్గర ఏనుగు ఉంటది, గుర్రం ఉంటది, మల్లుడు ఉంటడు.

నాలుగు వందల ఏండ్లు ముందుకు వద్దాం, విజయనగరానికి. శ్రీకృష్ణదేవరాయలు 1520లో రాయచూరు కోట కొట్టిండు. రాయచూరు అంటే మన గద్వాల పక్కనే. దాదాపు ఆ రోజుల్లోనే పాయెస్ అనే పోర్చుగీసాయన హంపీ వచ్చి రాయల దినచర్య రాసిపెట్టిండు. తెల్లారకముందే పెద్ద గ్లాసెడు నువ్వుల నూనె తాగుతడు. ఒంటికి కూడా అదే నూనె రాసుకుంటడు. మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తుతడు, తాగిన నూనె చెమటగా బయటికొచ్చేదాకా కత్తిసాము చేస్తడు. తరువాత తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పడతడు. ఆ పైన గుర్రమెక్కి తెల్లారేదాకా దౌడు. నూనె తాగుడు మాత్రం మీరు ట్రై చెయ్యకుండ్రి, చెప్తున్న.

ఆయన తరువాత వచ్చిన న్యూనిజ్ అనే ఇంకో పోర్చుగీసు వ్యాపారి లెక్క చెప్పిండు: మహర్నవమి పండుగకు రాజు దగ్గర వెయ్యి మంది మల్లులు. వీళ్లు మామూలుగా పట్టుకొని పడేసే కుస్తీ కాదు, చేతికి మొనలున్న చక్రాల వంటివి పెట్టుకొని కొట్టుకుంటరు. ఎక్కువ గాయపడ్డోడికి పట్టుబట్ట బహుమానం. గెలిచినోడికి కాదు, గాయపడ్డోడికి. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయిన. అంతఃపురంలో కుస్తీ పట్టే ఆడవాళ్లు ఉన్నరని కూడా ఆయనే రాసిండు. సుమోలో ఇప్పటికీ ఆడవాళ్లు గోదాలో కాలు పెట్టొద్దు. 2018లో మైజురు అనే ఊర్లో మేయరు గోదాలోనే కుప్పకూలితే, ప్రాణం కాపాడటానికి పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్లను కూడా బయటికి పొమ్మని మైకులో చెప్పిండ్రు. తరువాత సుమో సంఘం క్షమాపణ చెప్పింది. అయిదు వందల ఏండ్ల కింద హంపీలో సాగిన పని అక్కడ ఇయ్యాల్టికీ సాగలే.

విజయనగరం 1565లో కూలింది. ఆ వెయ్యి మంది ఏమైండ్రు?

ఇక్కడ మన జెట్టిలు నేరుగా కథలోకి వస్తరు. ఎడ్గర్ థర్‌స్టన్ అనే ఇంగ్లీషాయన 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాల పుస్తకం తెచ్చిండు. అందులో జెట్టి అనే మాట కింద ఉన్నదేందంటే: ఇది కుస్తీ, సాము వృత్తిగా ఉన్న తెలుగు కులం. తంజావూరులో, చుట్టూ అరవం మాట్లాడేవాళ్లున్నా వీళ్లు తెలుగే మాట్లాడతరు. జంధ్యం వేసుకుంటరు. తంజావూరు రాజుల దగ్గర ఖజానాకు, నగల గదులకు కాపలా వీళ్లదే. తెలుగు జిల్లాల్లో ఉన్నవాళ్లు నరాల నొప్పులకు లేపనాలు రాసి మర్దన చేస్తరు. హంపీ మల్లులే వీళ్ల తాతలు అని రాసిన కాగితం నా కంట పడలేదు. కానీ దసరా పండుగ హంపీ నుంచి మైసూరు రాజులకు వచ్చింది, 1610లో శ్రీరంగపట్నంలో మొదలైంది. చేతికి మొనలు పెట్టుకొని కొట్టుకునే ఆట కూడా ఆ పండుగతోనే అక్కడ కనిపిస్తది. పండుగ ఒక్కటే నడుచుకుంట పోదు, చేసే మనుషులు వెంట పోతరు. ఇది నా ఊహ, ఊహ లాగనే తీసుకోండి.

మైసూరు ఆట పేరు వజ్రముష్టి. విల్క్స్ అనే ఇంగ్లీషు అధికారి రెండు వందల ఏండ్ల కింద దీన్ని చూసి రాసిండు. ఎర్రమట్టి మెత్తగా చేసిన బరి. తొడల సగం దాకా వచ్చే లాగు, గుండు చేసిన తల. కుడి పిడికిలికి గేదె కొమ్ముతో చేసిన ఆయుధం, దానికి ఐదు మొనలు. చిన్నప్పటి నుంచి ఈ ఒక్క పని కోసమే వీళ్లను తయారు చేస్తరని, అంత చక్కటి శరీరాలు లోకంలో ఇంకెక్కడా ఉండవేమోనని ఆశ్చర్యపోయిండు. ఆట క్రూరమైందని కూడా రాసిండు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న మళ్లీ అడుగుదాం. వీళ్లకు తిండి ఎవరు పెట్టిండ్రు? రాజు. దాని బదులు రాజు ఏం తీసుకున్నడు?

పండుగ నాడు రక్తం. మిగతా రోజుల్లో కాపలా. ఇంకో పని కూడా ఉంది, అది చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. టిప్పు సుల్తాన్ దగ్గర బందీలుగా ఉన్న ఇంగ్లీషు సైనికులు తరువాత జ్ఞాపకాలు రాసుకున్నరు. మరణశిక్ష పడినోళ్ల మెడ విరిచి చంపే పని జెట్టిలతో చేయించేవాళ్లని వాటిలో ఉంది. బందీ రాసింది కాబట్టి కోపం కలిసి ఉండొచ్చు, కొంత తగ్గించి చదవాలె. కానీ ఒక్కరు రాసింది కాదు. పట్టు ఎట్లా పట్టాలో, మెడ ఎక్కడ తిప్పితే ఏమైతదో తెలిసినోళ్లు ఇంకెవరున్నరు? బలం నేర్చుకున్నది బరి కోసం. దాన్ని వాడుకున్నది ఉరికంబం బదులు. వద్దనే హక్కు అన్నం పెట్టించుకునేటోడికి ఎక్కడిది?

అదే చేతులు, అదే శరీర జ్ఞానం, తెలుగు జిల్లాల్లో నరాల నొప్పులకు మర్దన చేసినయి. ఈ రెండు పనులు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒళ్లు జలదరించింది.

రాజులు పోయినంక ఏమైంది అన్నదాంట్లో జపాన్‌కు, మనకు దారులు వేరైనయి. జపాన్‌లో కూడా పాతకాలంలో సుమో మల్లులను సామంత దొరలే పోషించేటోళ్లు. 1868లో అక్కడ పాలన మారింది, 1871లో ఆ దొరల సంస్థానాలే రద్దయినయి. ఒక్కసారిగా మల్లులకు తిండి పెట్టేటోడు లేకుండా పోయిండు. పైగా కొత్త ప్రభుత్వంలోని చదువుకున్నోళ్లు, బట్ట లేకుండా కొట్లాడే ఈ ఆట చూస్తే తెల్లోళ్ల ముందు పరువు పోతదనుకున్నరు. సుమో దాదాపు అంతమయ్యే స్థితి. 1884లో చక్రవర్తి మెయిజీ స్వయంగా కూర్చుని పోటీ చూసిండు. దాంతో మళ్లీ గౌరవం వచ్చింది. కానీ చక్రవర్తి చూసినంత మాత్రాన అన్నం ఉడకదు. 1909లో టోక్యోలో సుమోకంటూ పెద్ద భవనం కట్టిండ్రు, టికెట్లు అమ్మిండ్రు, 1925లో సంఘం పెట్టుకున్నరు. దొర చేతిలోని గిన్నె టికెట్ కొన్న జనం చేతిలోకి వచ్చింది. హెయా మాత్రం అట్లనే ఉండిపోయింది.

మంచిదే కదా అనిపిస్తది. మొన్న ఆ రీల్ చూసినప్పుడు నేను కూడా అట్లనే అనుకున్న. కానీ 2007 జూన్‌లో ఒక హెయాలో 17 ఏండ్ల పిల్లగాడు చనిపోయిండు. పారిపోదామని చూసినందుకు గురువు బీరు సీసాతో కొట్టిండు, పెద్ద మల్లులు బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టిండ్రు. మొదట జబ్బుతో పోయిండని చెప్పిండ్రు. పిల్లగాని ఒంటి మీద దెబ్బలు చూసి తల్లిదండ్రులు నమ్మలే, పోస్టుమార్టం చేయించిండ్రు, అప్పుడు బయటపడ్డది. గురువుకు జైలు శిక్ష పడింది. గిన్నె ఎవరిదైనా, తలుపు లోపలి నుంచి వేసి ఉంటే లోపల ఏం జరుగుతదో బయటోనికి తెలువది. హెయా బదులుగా ఏం తీసుకుంటుంది అని మొదట ఆపిన కదా, అందుకే.

మన దగ్గర సంఘం పెట్టి జెట్టిలను నిలబెట్టినోళ్లు లేరు. ఎవరి దారి వాళ్లు వెతుక్కున్నరు. ఉత్తరాంధ్రలో వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు మీరు విని ఉంటరు, ఆయన జెట్టి కులస్థుడు కాదు గానీ చెప్పాల్సిన మనిషి. విజయనగరంలో సాధన చేసి, బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పని చేసి, తరువాత సర్కస్ కంపెనీ పెట్టిండు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుంటే జనం టికెట్ కొని చూసిండ్రు. కలియుగ భీముడు అన్నరు. జపాన్‌లో సంఘం చేసిన పనిని ఇక్కడ ఒక్క మనిషి తన ఛాతీ మీద మోసిండు. 1942లో ఆయన పోయిండు. సర్కస్ ఒక మనిషి మీద నిలబడితే ఆ మనిషితోనే పోతది.

మన తెలంగాణలో సాధన చేసే చోటును తాలింఖానా అంటరు. తాలీం అంటే చదువు, శిక్షణ. ఆంధ్రలో, సీమలో గరిడి అనేది పాత మాట, సాముగరిడీలు అందులోదే. హైదరాబాద్ పాతబస్తీలో తాలింఖానాలు ఇప్పటికీ ఉన్నయి, కొన్నింటిలో మట్టి పోయి జిమ్ మిషన్లు వచ్చినయి. నిజామాబాద్ వైపు పల్లెల్లో హోలీకి, జాతరలకు ఇప్పటికీ కుస్తీ పోటీలు పెడతరు. మొదటి కుస్తీకి కొబ్బరికాయ బహుమానం, చివరి కుస్తీకి వెండి కడియం. ఇక్కడ తిండి పెట్టేది ఊరు, అది కూడా ఆ ఒక్క రోజే. మిగతా ఏడాదంతా ఆ పిల్లగాడు పొలం పనికి పోవాలె, లేకపోతే ఆటో నడపాలె. అందుకే అక్కడ ఎవరూ నూట యాభై కిలోలు ఉండరు. కానీ నచ్చకపోతే ఇంటికి పోవచ్చు.

మైసూరుకు తిరిగి వస్త. 1971లో రాజభరణాలు రద్దయినయి. అయినా విజయదశమి నాడు ప్యాలెస్ ప్రాంగణంలో మట్టి బరి ఇప్పటికీ సిద్ధమైతది. మైసూరు, చామరాజనగర్, చన్నపట్న, బెంగళూరు నుంచి జెట్టి కుటుంబాల పిల్లలు వస్తరు. తల గుండు చేసుకొని, పిడికిలికి వజ్రముష్టి తొడుక్కుంటరు. రెండు జతలు దిగుతయి. ఎవరి తల మీదనైనా మొదటి రక్తం చుక్క కనబడగానే ఆట ఆపేస్తరు. కొన్నిసార్లు నిమిషం కూడా పట్టదు. ఆ రక్తం చుక్క పడినంకే రాజకుటుంబం జమ్మి పూజకు బయలుదేరుతది. మనం ఇక్కడ జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ ఇచ్చుకునే రోజే అది.

వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడు ఆ తమ్మునికి ఇదంతా చూపించిన. చివరిదాకా చూసిండు. "మరి ఆ దెబ్బ తిన్నోనికి ఇప్పుడేమిస్తరన్నా?" అని అడిగిండు. వాడు మళ్లీ లెక్కకే వచ్చిండు. నాకు నవ్వొచ్చింది, వాడు మాత్రం నవ్వలే. పొద్దున మళ్లీ పరుగుకు పోవాలె వాడు.

మీ ఊర్లో హనుమాన్ గుడి ముందర ఎత్తే గుండు ఉందా? పాత తాలింఖానా జాగ ఉందా? ఉంటే ఫోటో తీసి, దాన్ని చివరిసారి ఎత్తింది ఎవరో ముసలోళ్లను అడిగి కామెంట్లో పెట్టండి. బల్మూర్ చుట్టుపక్కల అయితే నేనే బండేసుకొని వస్త. ఉంట మరి.